స్టాక్ మెర్‌క్రూజర్ 5.7కి సూపర్‌చార్జర్ వేయొచ్చా? (లేక్ లేనియర్, 21 అడుగుల బోటు)

లేనియర్ లచ్చన్న

అందరికీ నమస్కారం. జార్జియాలో కమ్మింగ్‌లో ఉంటాం. బోటు కొన్నాక ఇది మూడో వేసవి. 2007 మోడల్, 21 అడుగుల బౌరైడర్. ఇంజన్ మెర్‌క్రూజర్ 350 మ్యాగ్ ఎంపీఐ (350 క్యూబిక్ అంగుళాలు, అంటే 5.7 లీటర్లు), 300 గుర్రాలు (హార్స్‌పవర్), వెనక ప్రొపెల్లర్‌ని తిప్పే గేర్ల పెట్టె ఆల్ఫా వన్ డ్రైవ్. మీటరు మీద 410 గంటలు. ఇంజన్ ఎవరూ విప్పలేదు, ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. వేసవంతా మెరీనాలో బోటు కట్టేసే స్లిప్పులోనే, నీళ్ళలోనే ఉంటుంది.

అసలు సమస్య మా తోడల్లుడు. ఆయన పోయినేడు 8.1 లీటర్ల ఇంజన్ ఉన్న బోటు కొన్నాడు. ఆదివారం ఇద్దరం ఒకే చోట బయల్దేరతాం. నేను కోవ్‌కి (చెరువు ఒంపుకి) చేరేసరికి ఆయన లంగరేసి, పులిహోర డబ్బా మూత తీసి, "ఏం బావా, దార్లో టీ తాగొచ్చావా" అంటాడు. మా ఆవిడ ఏమీ అనదు. అనకపోవడమే కష్టంగా ఉంది.

సరే, సరదా పక్కన పెడితే ఇబ్బంది ఇదీ. పెద్దా చిన్నా తొమ్మిది మంది, రెండు ఐస్ పెట్టెలు, ట్యూబు. థ్రాటిల్ తోస్తే ముక్కు ఆకాశం కేసి లేస్తుంది. పది సెకన్లు నాకు ముందు నీళ్ళు కనపడవు, మేఘాలే. ఆ తర్వాత మెల్లగా బోటు పైకి తేలి పరుగందుకుంటుంది. వేక్‌బోర్డ్ పట్టుకున్న మావాడు ఆ పది సెకన్లలో చేతులు నొప్పెట్టి తాడు వదిలేస్తున్నాడు. ఇద్దరమే ఉంటే ఈ బాధ లేదు.

లెక్కలు: ఇద్దరం, సగం ట్యాంకు, ఫుల్ థ్రాటిల్‌లో జీపీఎస్ మీద గంటకి 52 మైళ్ళు, 4500 ఆర్పీఎం. తొమ్మిది మందితో 45 మైళ్ళు, 4100 ఆర్పీఎం. ప్రొపెల్లర్ అల్యూమినియంది, మూడు రెక్కలు, 21 పిచ్ (ఒక చుట్టుకి ముందుకి తోసే దూరం, అంగుళాల్లో). పాత ఓనరు వదిలేసిందే.

ఒక సెంట్రిఫ్యూగల్ సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపేది) కిట్ చూశాను. 5 పీఎస్ఐ బూస్ట్ (అదనపు గాలి ఒత్తిడి), 300 గుర్రాలు 400 అవుతాయంటున్నారు. కిట్ ఒక్కటే 6,800 డాలర్లు. కార్లకి సూపర్‌చార్జర్లు వేసే స్నేహితుడొకడున్నాడు, "షెవీ 350యే కదా, షెవ్రొలే కార్లలో ఉండేదే, శని ఆదివారాల్లో బిగించేద్దాం" అంటున్నాడు. బిగించెయ్యమంటారా?

నవ్వులపాలెం

6,800 ఖర్చెందుకు బావగారూ, ఇరవై డాలర్ల తాడు కొని తోడల్లుడి బోటుకి కట్టేసుకోండి. ఇద్దరూ ఒకేసారి చేరతారు, పులిహోర వేడిగా ఉంటుంది.

హార్బర్ మెకానిక్

లచ్చన్న తమ్ముడూ, నువ్వు అడిగిన ప్రశ్నకి జవాబు నువ్వు రాసిన లెక్కల్లోనే ఉంది. దానికి తర్వాత వస్తాను. ముందు మీ స్నేహితుడి మాట చూద్దాం.

నా సంగతి రెండు ముక్కల్లో: విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పదిహేడో ఏట స్పానర్ పట్టాను, సోనా రకం వేట బోట్ల లేలాండ్ డీజిళ్ళ మీద. పద్దెనిమిదేళ్ళుగా టెక్సాస్‌లో గాల్వెస్టన్ వైపు మెరీనా షాపులో పని. నీ ఇంజన్ లాంటివి ఎన్ని విప్పానో లెక్క పెట్టుకోలేదు.

"షెవీ 350యే కదా" అన్నాడు చూశావా, ఆ "కదా" దగ్గరే డబ్బులు పోతాయి. బ్లాక్ అదే, నిజమే. బతుకు వేరు. కారులో ఆ ఇంజన్ హైవే మీద 60, 70 గుర్రాలు కూడా వాడదు, యాక్సిలరేటర్ వదిలితే ఊపిరి పీల్చుకుంటుంది. బోటులో అలా కాదు. అలిపిరి నుంచి కొండెక్కే బస్సుని చూశావు కదా, నిండా జనంతో, గేరు మార్చే వీల్లేకుండా? బోటు ఇంజన్‌కి ఆ ఘాట్ రోడ్డు ఎప్పటికీ అయిపోదు. నీళ్ళలో దిగుడు ఉండదు. నువ్వు థ్రాటిల్ తోసినంతసేపూ ఎక్కుడే. కారుకి 5 పీఎస్ఐ వేస్తే ఆ బూస్ట్ వాడేది సిగ్నల్ దగ్గర ఐదారు సెకన్లు. నువ్వు కోవ్ దాకా పది నిమిషాలు ఆపకుండా వాడతావు. స్టాక్ పిస్టన్లు, స్టాక్ రింగులు, 9.4 దగ్గర కంప్రెషన్. ఆ పది నిమిషాల కోసం వాటిని చేయలేదు.

వేడి లెక్క చెప్తాను. జూలైలో బయట గాలి 35 డిగ్రీలనుకో. 5 పీఎస్ఐకి నొక్కితే మంచి సూపర్‌చార్జర్ కూడా దాన్ని 70 దాటిస్తుంది. పైగా నీ ఇంజన్ పీల్చేది బయటి గాలి కాదు, హ్యాచ్ మూత కింద ఉడికిన గాలి. అది మొదలే 50 ఉంటుంది. చెరువు నీళ్ళతో చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేకుండా ఆ గాలిని 87 ఆక్టేన్‌తో కలిపి కాల్చితే నాకింగ్ (పెట్రోలు తనంతట తాను పేలడం) వస్తుంది. కారులో ఆ గణగణ చెవికి వినపడుతుంది, కాలు తీస్తావు. బోటులో ఎగ్జాస్టు మోత, నీళ్ళ దెబ్బలు, వెనక పిల్లల కేకలు. నీకు వినపడే మొదటి శబ్దం పిస్టన్ రింగ్ ల్యాండ్ (రింగు కూర్చునే గాడి అంచు) విరిగినప్పుడు వస్తుంది. నాక్ సెన్సర్ టైమింగ్ కొంత వెనక్కి లాగుతుంది, కానీ అదే పనిగా లాగుతూ ఉంటే నువ్వు కొన్న గుర్రాల్ని అదే తినేస్తుంది.

పెట్రోలు సంగతి. నీ ఇంజన్ కంప్యూటర్ మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి చూసి పెట్రోలు పోస్తుంది. ఆ మ్యాప్ సెన్సర్ మామూలు వాతావరణ పీడనం దాకానే చదవగలదు. బూస్ట్ వచ్చాక దానికి కళ్ళు లేవు. అంటే సెన్సర్ మార్చాలి, ఇంజెక్టర్లు మార్చాలి, కంప్యూటర్‌కి కొత్త క్యాలిబ్రేషన్ ఎక్కించాలి. కిట్ ధరలో ఇవి ఉన్నాయో లేదో అడిగావా?

ఇక ఇక్కడ మాత్రం కొంచెం కోపంగా రాస్తున్నాను, ఏమనుకోకు. మీ స్నేహితుడు కార్ల షాపు నుంచి ఫ్యూయల్ పంపో ఆల్టర్నేటరో తెచ్చి బోటులో పెడతానంటే చేయి పట్టుకుని ఆపు. కారు కింద ఖాళీ, పెట్రోలు ఆవిరి గాలికి పోతుంది. ఆవిరి గాలికన్నా బరువు. బోటులో అది బిల్జ్‌లోకి (బోటు అడుగు గుంటలోకి) దిగి అక్కడే కూర్చుంటుంది. అందుకే మెరైన్ స్టార్టరూ ఆల్టర్నేటరూ డిస్ట్రిబ్యూటరూ నిప్పురవ్వ బయటికి రాకుండా మూసి చేస్తారు. గాలి పీల్చే మూతి మీద కార్లలో లాగా పేపర్ ఫిల్టర్ కాదు, మంట బయటికి రాకుండా ఆపే ఫ్లేమ్ అరెస్టర్ ఉండాలి. సూపర్‌చార్జర్ వేస్తే దాని మూతికీ ఉండాలి. ఇది కోస్ట్ గార్డ్ నియమం. నియమం లేకపోయినా ఆ తొమ్మిది మందిలో నీ పిల్లలున్నారు. స్టార్ట్ చేసే ముందు, ఆ ఆవిరిని బయటికి లాగే బ్లోయర్ నాలుగు నిమిషాలు తిప్పుతున్నావా? తిప్పకపోతే ఈ ఆదివారం నుంచి తిప్పు, సూపర్‌చార్జర్ సంగతి ఏదైనా కానీ.

డ్రైవ్. ఆల్ఫా వన్‌ని, మెర్‌క్రూజర్ తయారుచేసే మెర్క్యురీ వాళ్ళే 300 గుర్రాల దగ్గర ఆపేశారు. నువ్వు ఇప్పుడే ఆ గీత మీద నిలబడ్డావు. 400 పంపితే పై గేర్లు ముందు పోతాయి. అప్పుడు బ్రావో, అంటే వాళ్ళదే ఇంకా గట్టి డ్రైవ్, కావాలి. బ్రావో అంటే డ్రైవ్ ఒక్కటే కాదు, ట్రాన్సమ్ (బోటు వెనక పలక) అసెంబ్లీ మారుతుంది. ఆల్ఫాకి చెరువు నీళ్ళు తోడే పంపు డ్రైవ్ లోపలే ఉంటుంది, బ్రావోకి ఇంజన్ మీద బెల్టుతో తిరుగుతుంది, ఆ ప్లంబింగూ మారాలి. 6,800 ఎప్పుడో దాటిపోయావు.

ఇంతా చేస్తే వచ్చేదెంత? నీళ్ళ మీద తేలి పరిగెత్తే బోటుకి వేగం గుర్రాల వర్గమూలంతో పెరుగుతుంది, దాదాపుగా. 300 నుంచి 400 అంటే మూడో వంతు గుర్రాలు ఎక్కువ, వేగం మాత్రం నూటికి 15. నీ 52 కాస్తా 60. ఎనిమిది మైళ్ళు. కిట్ ధర ఒక్కటే తీసుకున్నా మైలుకి 850 డాలర్లు.

అన్నిటికన్నా తమాషా ఏంటంటే, నువ్వు బాధపడేది 52 దగ్గర కాదు, ముక్కు లేచే ఆ పది సెకన్ల దగ్గర. అప్పుడు ఇంజన్ రెండు రెండున్నర వేల మీద ఉంటుంది. నువ్వు చూసిన సెంట్రిఫ్యూగల్ రకానికి బూస్ట్ ఆర్పీఎంతో పాటే పెరుగుతుంది. 5 పీఎస్ఐ అన్నది పైన, చివర్లో వచ్చేది. కింద నీకు కావలసిన చోట అది దాదాపు ఊరికే తిరుగుతూ ఉంటుంది. రూట్స్ రకమో ట్విన్ స్క్రూ రకమో అయితే కింది నుంచే తోస్తుంది, కానీ అది ఇంజన్ నెత్తి మీద కూర్చుంటుంది, నీ హ్యాచ్ మూత పడదు.

ఇప్పుడు నీ లెక్కలు. ఆ ఇంజన్ ఫుల్ థ్రాటిల్‌లో 4800 నుంచి 5200 మధ్య తిరగాలి, 300 గుర్రాలు అక్కడున్నాయి. నువ్వు ఇద్దరితోనే 4500. తొమ్మిది మందితో 4100. అంటే నువ్వు కొన్న 300 నీకు ఒక్కరోజూ అందలేదు తమ్ముడూ. ప్రొపెల్లర్ ఇంజన్ మెడ పట్టుకుని నొక్కుతోంది.

హార్బర్‌లో మా మేస్త్రి ఉండేవాడు. చదువు లేదు, టాకోమీటర్ నమ్మేవాడు కాదు. బోటు జెట్టీ వదిలి వెళ్తుంటే గట్టు మీద నిలబడి పొగ చూసేవాడు. నల్లగా కక్కితే "ఫ్యాన్ పెద్దది పెట్టాడు, ఇంజన్‌కి ఎత్తలేని బస్తా ఎత్తాడు" అనేవాడు. మేం ప్రొపెల్లర్‌ని ఫ్యాన్ అనేవాళ్ళం. ఓనర్లేమో ఇంజన్ బలం లేదని కొత్త పంపు బిగించమని వచ్చేవాళ్ళు. ఆయన రెక్క అంచులు కొంచెం కోయించి పంపేవాడు, వేటకెళ్ళి నవ్వుతూ వచ్చేవాళ్ళు. నీ పెట్రోల్ ఇంజన్ నల్లపొగ కక్కదు కాబట్టి నీకు తెలియలేదు, అంతే తేడా.

పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్పీఎం పెరుగుతుంది. 19 పిచ్ వెయ్యి. నాలుగు రెక్కలదైతే పిల్లాడి వేక్‌బోర్డుకి ఇంకా మంచిది, పైన ఒకటి రెండు మైళ్ళు పోతాయి. అల్యూమినియంది కొని చూడు, నచ్చితే తర్వాత స్టీల్. కానీ దానికన్నా ముందు బోటు బయటికి తీయించి అడుగు చూడు. స్లిప్పులో నీళ్ళలోనే ఉంటుందన్నావు. పాచి పట్టిన అడుగు మూడు నాలుగు మైళ్ళు అలవోకగా తింటుంది. కంప్రెషన్ కూడా ఒకసారి చూపించు, ఎనిమిది సిలిండర్లూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఇవన్నీ చేశాక కూడా సరిపోలేదనిపిస్తే అప్పుడు మాట్లాడదాం.

లేనియర్ లచ్చన్న

అన్నా, నిజం చెప్తున్నా, ఆఫీసు మీటింగ్‌లో కెమెరా ఆపేసి మొత్తం రెండుసార్లు చదివాను. బ్లోయర్ నాలుగు నిమిషాలు తిప్పట్లేదు. సిగ్గుగా ఉంది. ఇక తిప్పుతాను.

ఒక్క సందేహం. మరి డీజిల్ బోట్లన్నిటికీ టర్బోలుంటాయి కదా, అవి గంటల తరబడి లోడ్ మీద నడుస్తాయి కదా? మెర్క్యురీ వాళ్ళు కూడా అవుట్‌బోర్డ్‌లకి (బోటు వెనక బయట బిగించే ఇంజన్లకి) సూపర్‌చార్జర్ పెట్టారని విన్నాను. వాళ్ళకి లేని భయం నాకెందుకు?

హార్బర్ మెకానిక్

మంచి ప్రశ్నే. డీజిల్‌లో ముందు గాలి మాత్రమే నొక్కుతారు, డీజిల్ ఆఖర్లో చిమ్ముతారు. ముందే పెట్రోలు కలిసి ఉండి తనంతట తాను పేలిపోవడం అనేది దాంట్లో లేదు. పైగా టర్బో డీజిల్‌ని గీసిన రోజే టర్బోతో గీస్తారు: పిస్టన్ అడుగున నూనె చిమ్మే జెట్లు, బరువైన క్రాంకు, సముద్రం నీళ్ళతో ఆఫ్టర్‌కూలర్. నా గొడవ బూస్ట్‌తో కాదు, "స్టాక్" అన్న మాటతో. పెళ్ళికి కుట్టించుకున్న చొక్కా వేరు, తోడల్లుడి దగ్గర అడిగి తెచ్చుకున్న చొక్కా వేరు.

మెర్క్యురీ సంగతి నువ్వు విన్నది నిజం. 2004లో వెరాడో తెచ్చారు, 2.6 లీటర్లు, వరసగా ఆరు సిలిండర్లు, సూపర్‌చార్జర్. ఇంజన్ మొత్తాన్ని దాని చుట్టూ కట్టారు. మంచి ఇంజనే. కానీ 2018లో ఏం చేశారు? 250, 300 గుర్రాల చోట 4.6 లీటర్ల వీ8 పెట్టారు, సూపర్‌చార్జర్ లేకుండా. లీటర్లు పెంచి అవే గుర్రాలు తెచ్చుకున్నారు.

నీకు కూడా అదే దారి. ఈ ఇంజన్‌కి ఎప్పుడైనా ఆయుష్షు తీరి బ్లాక్ విప్పాల్సి వస్తే, అదే బోర్‌లో 3.75 అంగుళాల స్ట్రోక్ క్రాంకు వేస్తే 377 క్యూబిక్ అంగుళాలవుతుంది. మెర్‌క్రూజర్ వాళ్ళే 6.2 అని దాన్ని 320 గుర్రాలతో అమ్మారు. గుర్రాలు ఇరవయ్యే ఎక్కువ కనపడతాయి కానీ కింద టార్క్ చూడు, నీ పది సెకన్ల మందు అక్కడుంది. లేదూ తోడల్లుణ్ణి కొట్టాలంతే అంటే నీ బోటు అమ్మి 496 (క్యూబిక్ అంగుళాల ఇంజన్) ఉన్న బోటు కొను. ఫ్యాక్టరీ నుంచే 375 గుర్రాలు, బ్రావోతో వస్తుంది. ఆయన దగ్గరున్న 8.1 లీటర్లదీ అదే. అందుకే ఆయన టీ తాగొచ్చావా అంటున్నాడు.

ఇంకొకటి, బోటు బీమా కాగితం చదువు. గుర్రాలెన్నని అడిగే ఉంటారు. మార్చి చెప్పకపోతే రేపు ఏదైనా అయినప్పుడు వాళ్ళు మాట్లాడరు. నీది 2007 కాబట్టి సరిపోయింది కానీ 2010 మోడల్ నుంచి వచ్చిన ఇన్‌బోర్డ్ పెట్రోల్ ఇంజన్లకి ఎగ్జాస్టులో క్యాటలిస్టులుంటాయి, అక్కడ చేయి పెడితే ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) నిబంధనల గొడవ కూడా ఉంది. ఇది చదివే మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను.

ఎడారి పడవ

నేను వేశానండీ. ఫీనిక్స్ దగ్గర లేక్ ప్లెజెంట్. నాదీ 5.7, నాదీ ఆల్ఫా. నన్నెవరూ ఇంత వివరంగా తిట్టలేదు కాబట్టి వేశాను.

మొదటి వేసవి స్వర్గం. ఆ ఈల వింటూ వెళ్తుంటే పక్క బోట్ల వాళ్ళు తలతిప్పి చూసేవాళ్ళు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ చూపుల కోసమే వేశాను. 51 నుంచి 58కి వచ్చింది. రెండో వేసవి మేలో పై గేర్లు పోయాయి, డ్రైవ్ మార్చాను, మళ్ళీ ఆల్ఫాయే. బుద్ధి రాలేదు. ఆగస్టులో 44 డిగ్రీల ఎండలో ఫుల్ థ్రాటిల్ మీద వెళ్తుంటే బోటు ఉన్నట్టుండి నీరసపడింది. శబ్దం కూడా రాలేదు, మెత్తగా అయిపోయింది. విప్పితే ఏడో సిలిండర్‌లో రింగ్ ల్యాండ్ ముక్కలు. పంపు పెట్రోలు అందించలేకపోయింది, లీన్ అయ్యింది (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ). బిగించిన షాపు వాళ్ళు పెట్రోలు బాగాలేదన్నారు. పెట్రోలు బంకు వాళ్ళనడగలేదు, వాళ్ళు షాపు బాగాలేదంటారు.

మొత్తం 46 గంటలు నడిచింది. ఖర్చంతా కూడి భాగిస్తే గంటకి ఎంత పడిందో మా ఆవిడ ఒక్కసారి లెక్క వేసింది. ఆ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది.

నవ్వులపాలెం

నా తాడు సలహా ఇప్పటికీ వర్తిస్తుంది.

లేనియర్ లచ్చన్న

మూడు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించాలి.

బోటు బయటికి తీయించాను. అన్నా, అడుగు చూస్తే మా ఊరి కోనేటి మెట్లే. జారిపడేంత పాచి, వెనక భాగమంతా ఆకుపచ్చ. మెరీనా కుర్రాడు ప్రెషర్ వాషర్‌తో గంటన్నర కొట్టాడు. కంప్రెషన్ ఎనిమిదీ బాగున్నాయి. 21 తీసేసి నాలుగు రెక్కల 19 అల్యూమినియం వేశాను. మొత్తం ఖర్చు, బోటు తీసినందుకూ కడిగినందుకూ కలిపి, 430 డాలర్లు.

ఇద్దరితో: 4850 ఆర్పీఎం, 51 మైళ్ళు. పైన ఒక మైలు పోయింది, నువ్వు చెప్పినట్టే. తొమ్మిది మందితో: 4500, 47 మైళ్ళు. పది సెకన్ల మేఘాలు ఇప్పుడు ఐదు సెకన్లు. మావాడు మొదటిసారికే లేచి నిలబడ్డాడు, నిలబడ్డ సంతోషంలో తాడు వదిలేశాడు.

తోడల్లుడు ఇంకా ముందే చేరుతున్నాడు. కాకపోతే మొన్న మేం వెళ్ళేసరికి పులిహోర మూత ఇంకా తీయలేదు.

హార్బర్ మెకానిక్

బాగుంది తమ్ముడూ. ఆ పాత 21 పారెయ్యకు, అమ్మకు. బోటులోనే ఉంచు, కూడా ప్రాప్ నట్టు ఒకటి, ట్యాబ్ వాషర్ ఒకటి, నట్టుకి సరిపోయే స్పానర్. లేనియర్ నిండు మట్టం సముద్ర మట్టానికి 1,071 అడుగుల ఎత్తు. ఎండాకాలం అది దిగేకొద్దీ నిన్నటిదాకా లేని మిట్టలు పైకొస్తాయి. అల్యూమినియం రెక్క రాయికి తగిలితే మడత పడుతుంది, అప్పుడు నీ తోడల్లుడి తాడు నిజంగానే కావాల్సొస్తుంది.

బ్లోయర్ తిప్పుతున్నావా?

లేనియర్ లచ్చన్న

తిప్పుతున్నానన్నా. నాలుగు నిమిషాలూ మావాడు ఫోన్‌లో టైమర్ పెట్టి నిలబడుతున్నాడు.